గాటు పడని లెగ్ పీసు

ఆదివారం పూట కోడిమాంసం కొట్టు మూతపడిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయి ఉండాలని వీధి అనుకుంటుంది. అందుకే ఆ ఆదివారం, బేరం ఇంకా జోరు మీద ఉండగానే కొట్టాయన తూకం తన షట్టరు సగానికి దించేసరికి, సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ముందు ఆయన మొహంలోకి చూశారు. అక్కడ ఏడుపు జాడలేమీ లేవు. మొండితనం మాత్రం ఉంది, అది ఎప్పుడూ ఉండేదే.

"అయిపోయింది. రేపు రండి" అన్నాడు.

"అదేంటి బాబాయ్, గంపలో కోళ్ళు అలా అరుస్తుంటే అయిపోయిందంటావు?" అన్నాడు వరసలో ముందున్న ఆటో డ్రైవరు.

"వాటికీ ఇవాళ సెలవే."

వెనకనించి బడి హెడ్మిస్ట్రెస్ గారు తల ముందుకు పెట్టి, "లెగ్ పీసులైనా ఇవ్వవయ్యా, మా పిల్లలు అవి తప్ప ముట్టరు" అంది. ఆవిడ ఎప్పుడూ అడిగేదే అది. తూకం ఎప్పుడూ కాదనలేదు. ఆవేళ మాత్రం మంచుపెట్టె మూత మీద మోచెయ్యి ఆనించుకుని, "లేవమ్మా, ఒక్కటి కూడా లేదు" అన్నాడు. ఆ మోచేతి కిందే ఉన్నాయి, పొద్దున్నే ఏరి దాచిన లెగ్ పీసులు. కొట్టులో నిలబడి ఆయన అబద్ధమాడటం అదే మొదటిసారి. ఇంట్లో ఆడినవాటి సంగతి వేరు, అది తర్వాత చెప్పుకుందాం.

తూకం అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. చేత్తో తీసి త్రాసులో వేసిన ముక్కకి ముల్లు అటూ ఇటూ ఊగకుండా నిలబడిపోవడం చూసి ఎవరో పెట్టిన పేరు అది. ఆయనకి ఆ పేరంటే గర్వం. అంతకు మించిన గర్వం ఇంకొకటుంది. కోడిని కోసేటప్పుడు ఆయన కత్తి కీలు మీదే దిగుతుంది తప్ప లెగ్ పీసు మీద గీత పడదు. తోలు ఒలిచినా, ఉంచినా, ఆ ముక్క నున్నగా, నిండుగా, పిడికిట్లో ఇమిడేలా ఉండాలి. గాటు పడిన కాలు కొట్టులో పెట్టడం ఆయన దృష్టిలో చిరిగిన చొక్కా అమ్మడంతో సమానం. అలాంటిది పొరపాటున ఎప్పుడైనా పడితే ఆ పూటంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు.

కోయడంలో ఇంతటివాడికి వండటం మాత్రం రాదు. గుడ్డు ఉడకబెట్టడం కూడా ఈ మధ్యే, అదీ తప్పనిసరై నేర్చుకున్నాడు.

ఆ తప్పనిసరి ఏమిటంటే, ఆయన భార్య పెరట్లో తడి మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా కట్టు వేసి, బరువు ఎత్తొద్దు, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు అన్నాడు డాక్టరు. అప్పటినించీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగితే టీకో గుడ్లకో వెలిగింది. పొద్దున్న కొన్న రొట్టె, మధ్యాహ్నం రొట్టె, సాయంత్రం ఉడికీ ఉడకని గుడ్లు. ఆమె ఏమీ అనేది కాదు. పెట్టింది సగం తిని పళ్ళెం పక్కకి జరిపేసేది. మొహం పీక్కుపోయింది, రవికె వదులైంది. తూకం ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు గానీ, చూసినదాని గురించి ఏం చెయ్యాలో తోచలేదు.

చూసి ఊరుకోలేనిది వాళ్ళ అమ్మాయి. ఊరి ఆ చివర బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కింద పనిచేసేవాళ్ళతో మాట్లాడే గొంతే ఇంట్లోనూ వాడుతుందని తూకంకి కూతురి మీద ఫిర్యాదు. గడిచిన ఆదివారం వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని చూసి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసి, తిరిగొచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"అమ్మని నాతో తీసుకెళ్తున్నా నాన్నా."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళని ఏముంది. ఉన్నన్నాళ్ళు ఉంటుంది. నీకు వండిపెట్టడానికే అయితే మాత్రం పంపను."

తూకంకి ఒళ్ళు మండింది. "నా ఇంట్లో నా పెళ్ళానికి తిండి పెట్టుకోలేనా నేను?"

"పెడుతున్నావుగా, కనిపిస్తూనే ఉంది."

"వండుతాను."

"నువ్వా?" అంది అమ్మాయి. నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "సరే, వచ్చే ఆదివారం మధ్యాహ్నం వస్తా. నీ చేత్తో వండి, అమ్మ కడుపునిండా తిని, ఇక్కడే ఉంటానని అమ్మే అంటే నేను మారు మాట్లాడను. లేదంటే బట్టలు సర్దుకుని నాతో వచ్చేస్తుంది."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె కిటికీ అవతల ఎవరిదో ఆరేసిన దుప్పటి చూస్తోంది. "మీ ఇష్టం" అంది. ఎవరిని ఉద్దేశించి అందో వాళ్ళకి తెలియలేదు.

ఆమె లేని ఇల్లు తూకం ఊహకి అందలేదు. ప్రేమ అందామంటే ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, మనం ఆయన నోట్లో పెట్టడం బాగుండదు. కొట్టు కట్టేసి మెట్లెక్కి వచ్చేసరికి ఒక మనిషి లోపల మసులుతూ ఉండటం ఆయనకి అలవాటు. చొక్కా విప్పి విసిరితే అది తీసే చెయ్యి ఒకటి ఉండటం అలవాటు. ఆ మనిషి వెళ్ళిపోతుందంటే భయం వేసింది. భయపడ్డానని ఒప్పుకోవడం చేతకాక, కూతురి మీద పంతం అని పేరు పెట్టుకున్నాడు.

లెగ్ పీసే ఎందుకంటే, ఆయన లెక్క ఆయనకుంది. కట్టు కుడి చేతికి. తినాల్సింది ఎడమ చేత్తో. మెడ ముక్కలు ఎడమ చేత్తో పట్టుకుని ఎముకల సందుల్లోంచి మాంసం లాక్కోవడం ఆమె వల్ల కాదు. లెగ్ పీసు అయితే పిడికిట పట్టుకుని కొరకడమే. వారమంతా ఆలోచించి ఆ తెలివి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని కాస్త మురిసిపోయాడు కూడా.

ఇంటికొచ్చి పెట్టె మూత తీసి చూపించాడు. ఆమె ఎడమ చేత్తో ఒకటి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పెట్టేసింది.

"ఎవరివి?" అంది.

"ఎవరివేంటి? మనవే. నీకే."

ఆమె వంటింట్లోకి వచ్చి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంది. వంట ఆయన చెయ్యాలి, చెప్పడం ఆమె వంతు. అదీ ఒప్పందం.

నూనె ఎక్కడుందో ఆయనకి తెలియదు. తన ఇంటి వంటగదిలో ఎదుటి అలమర తెరిచి పప్పు డబ్బాల మధ్య వెతికాడు. "కింద, తలుపు వెనకాల" అందామె. మూకుడు పిడి వదులుగా ఉంటుందని, గుడ్డతో పట్టుకోవాలని తెలియక చెయ్యి కాల్చుకున్నాడు. ఆ పిడి ఎన్నాళ్ళనించి అలా ఉందని అడిగితే, బాగుచేయించమని ఆమె చెప్పిన రోజు ఆయనకి గుర్తుండి ఉండాలి అంది.

"ఉప్పు ఎంత వెయ్యను?"

"తూకం మీది కదా. నన్నడుగుతారేం?"

వెటకారమో, మామూలు మాటో అంతు పట్టలేదు. ఉప్పు, మిరియాల పొడి, నూరిన వెల్లుల్లి పట్టించాడు. నూనె కాగింది. మంచులోంచి తీసిన ముక్కలు తీసినట్టే, తడి తడిగా మూకుట్లో పడేశాడు. నూనె లేచి ముంజేతి మీద, చొక్కా మీద, గోడ మీద చిట్లింది. తూకం రెండడుగులు వెనక్కి దూకాడు. ఇన్నేళ్ళూ కత్తి అంచున వేళ్ళు పెట్టి బతికినవాడు, నూనె చుక్కకి అంత బెదిరిపోవడం చూసి ఆమెకి నవ్వు వచ్చింది. కట్టు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి తూకం గుండె కుదుటపడింది, సగం గెలిచేశాననుకున్నాడు.

"మంట పెద్దదే ఉంచండి" అందామె. "ఎర్రబడ్డాక రెండుసార్లు పొర్లించి దింపెయ్యండి. ఎక్కువసేపు ఉంచితే బిరుసెక్కి పీచులా అయిపోతుంది."

ఆమె చెప్పినట్టే చేశాడు. ఒక్క మాటా జవదాటలేదు, ఆ సంగతి తర్వాత ఒట్టు వేసి మరీ చెప్పాడు. ముక్కలు నాలుగువైపులా బంగారు రంగు తిరిగాయి. వాసన కింది అంతస్తు దాకా వెళ్ళి ఉండాలి. వాటిల్లో అన్నిటికంటే నిండుగా ఉన్నదాన్ని పళ్ళెంలో పెట్టి, కొస పట్టుకోవడానికి చిన్న గుడ్డ చుట్టి, ఆమె ముందు పెట్టాడు. గుడ్డ చుట్టాలన్న ఆలోచన ఎక్కడినించి వచ్చిందో ఆయనకే తెలియదు. ఆమె దాన్ని కాసేపు చూసింది.

కొరికింది. నమిలింది. రెండోసారి కొరికి ఆగిపోయింది.

పైన బంగారు రంగు. దాని కింద వేలి మందాన తెల్లటి మాంసం. ఆ లోపల ఎముక చుట్టూ పచ్చి, ఎర్రగా, జిగురుగా ఉంది. ఎముక వెంట నెత్తురు నీళ్ళు కారి పళ్ళెంలోకి వచ్చాయి. ఆమె నోట్లోది గుడ్డలోకి ఉమ్మేసి, పళ్ళెం పక్కకి జరిపింది. ఆ పళ్ళెం జరపడం ఆయన రోజూ చూస్తున్నదే. అయినా ఆవేళ తట్టుకోలేకపోయాడు.

"నువ్వు చెప్పినట్టే కదా చేశాను" అన్నాడు, గొంతు పెంచి. "ఇన్నేళ్ళు కోడి వండినదానివి, ఎంతసేపు ఉంచాలో సరిగ్గా చెప్పలేవా? లేక కావాలనే చెప్పావా, అమ్మాయితో పోవాలని?"

ఆమె గొంతు పెంచలేదు. "నేను వండినవి మెడలు, వీపులు, రెక్కల చివర్లు. అవి అలాగే వండాలి, ఎర్రబడగానే దింపెయ్యాలి. ఈ ముక్క ఈ పొయ్యి మీదికి ఎక్కడం ఇవాళే. మీరు ఎప్పుడైనా తెస్తే కదా, ఎంతసేపు ఉడకాలో నాకు తెలియడానికి."

అది నిజం. ఎంత నిజమో ఆ క్షణం దాకా ఆయనకీ తట్టలేదు. లెగ్ పీసులు కొట్టుకి వచ్చేవాళ్ళవి. అవి లేకపోతే బేరం పక్క వీధికి పోతుంది. సాయంత్రానికి ఎవరూ అడగనివి ఏవి మిగిలితే అవి ఇంటికి. పెళ్ళైన కొత్తలో ఆమె ఒకసారి అడిగింది, లెగ్ పీసు ఎలా ఉంటుందని. "దాంట్లో ఏముంది, ఒట్టి కండ. రుచంతా మెడలో ఉంటుంది. తెలిసినవాళ్ళు మెడే తింటారు" అన్నాడు. అప్పటికి తప్పించుకోవడానికి అన్న మాట అది. కానీ ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, పక్కింటావిడకి చెప్పింది, పుట్టిన కూతురికి చెప్పింది. కోళ్ళ కొట్టాయన భార్య చెప్పిందంటే ఎవరు కాదంటారు? ఆ ఇంట్లో మెడ ముక్క కోసం పిల్ల మారాం చేస్తే, తల్లి తన వంతు కూడా దాని పళ్ళెంలో వేసేది. తూకం అది చూస్తూ అన్నం తినేవాడు. అబద్ధమని చెప్పాలనిపించేది కాదు, చెప్పాల్సిన అవసరమేమిటో తెలిసేది కాదు.

ఇప్పుడు కూడా అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ చేసిన వంట చెడిందన్న ఉడుకులో ఆయన నోరు ఆగలేదు.

"ఎర్రగా ఉండకూడదు ఇలా. బండి దగ్గర ఎప్పుడూ ఇలా ఉండదే. ఎముక దాకా తెల్లగా ఉడికి, పట్టుకుంటే ఊడొస్తుంది" అన్నాడు.

"ఏ బండి?"

"అదే, మన కొట్టు ఎదురుగా. వేపుళ్ళ బండి."

"అక్కడ తింటారా మీరు?"

"ఎప్పుడో ఒకసారి. సరుకు మన దగ్గరే కొంటాడు కదా, రమ్మని ఊరికే గొడవ. కాదంటే బాగుండదని."

"ఎప్పుడో ఒకసారి తిన్నవాళ్ళకి ఎప్పుడూ ఎలా ఉంటుందో తెలియదు" అందామె. "నేను మీకోసం అన్నం పెట్టుకుని కూర్చుంటే ఆకలి లేదని సగం తిని లేచేవారు, ఇందుకేనా?" అంది.

దానికి ఉన్న ఒక్క జవాబూ అవును అన్నదే. తూకంకి సిగ్గేసింది. సిగ్గు వేస్తే కోపం తెచ్చుకోవడం ఆయనకి బాగా వచ్చు, కానీ ఆవేళ అదీ రాలేదు. మూకుడు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"వెళ్ళి ఆ బండాయన్నే అడిగి రండి, ఎలా వండాలో" అందామె. "అమ్మాయి వచ్చే వేళవుతోంది."

వేపుళ్ళ బండివాడు సాయంత్రం బేరానికి ఉల్లిపాయలు కోసుకుంటున్నాడు. తండ్రి పోయాక బండి చేపట్టినవాడు. తండ్రి ఉన్నప్పటినించీ తూకంకి ఆ బండి వెనక బల్ల మీద ఒక చోటు ఉంది. ఆయన చొక్కా మీద నూనె మరకలు చూసి, విషయం విని, వాడు నవ్వడానికి కత్తి కింద పెట్టాడు.

"గాట్లు పెట్టావా బాబాయ్?"

"గాట్లేంటి?"

"ఎముక తగిలేదాకా, రెండు పక్కలా గాట్లు పెట్టాలి. లేకపోతే వేడి లోపలికి ఎలా వెళ్తుంది? నువ్విచ్చే ముక్క నున్నగా ఉంటుంది గనక నేనే పెడతాను. నువ్వు రోజూ తినేవాటికీ ఉంటాయిగా, చూళ్ళేదా?"

"తినేటప్పుడు ఎవడు చూస్తాడు?" అన్నాడు తూకం. ఆయనకి అది మరో దెబ్బ. ఇన్నేళ్ళూ గీత పడకుండా ప్రాణం పెట్టి కోసిన ముక్కని, ఎదురుగానే వీడు అడ్డంగా చీరేస్తున్నాడు.

"విను" అన్నాడు వాడు. "మంచులోంచి తీశాక కాసేపు బయట ఉంచు. తడి లేకుండా తుడువు. గాట్లు పెట్టి, ఉప్పూ అవీ ఆ గాట్లలోకి పట్టించు. ముందు పెద్ద మంట, రంగు కోసం. రంగు వచ్చాక మంట బాగా తగ్గించి, కాసిని నీళ్ళు చిలకరించి మూత పెట్టెయ్యి. ఇక తొందరపడకు. మధ్యమధ్య తిప్పు. కొస దగ్గర మాంసం పైకి జరిగి ఎముక బయటపడుతుంది. అప్పుడు పుల్లతో లావుగా ఉన్నచోట గుచ్చు. వచ్చే రసం ఎర్రగా ఉంటే ఇంకా ఉంచు. తేటగా వస్తే అయినట్టు. దింపగానే తినకుండా కాసేపు మూతలోనే ఉండనియ్యి."

తూకం బడిపిల్లాడిలా ఒక్కొక్క మాటకీ తలూపాడు. వెళ్ళబోతుంటే వాడు అడిగాడు.

"పిన్నికా?"

"ఊఁ."

"నాన్న ఉన్నప్పుడూ అడిగేవాడు, నేనూ ఎన్నిసార్లో అడిగా, పిన్నికి రెండు కట్టిస్తానని. ఆవిడ తినదు అనేవాడివిగా. ఇప్పుడు తింటోందా?"

వాడు మామూలుగానే అడిగాడు, మనసులో ఏమీ పెట్టుకోలేదు. తూకం వినబడనట్టు రోడ్డు దాటేశాడు. ఆ ప్రశ్న మాత్రం మెట్లన్నీ ఆయనతోపాటే ఎక్కింది.

ముక్కలు మూకుట్లోంచి తీసి కోత చెక్క మీద పెట్టాడు. కత్తి తీసుకున్నాడు. కత్తి అంచు మాంసం మీద ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు. చివరికి కళ్ళు చిట్లించుకుని ఎముక తగిలేదాకా దించాడు. ఒకటి దిగాక మిగిలినవి తేలికయ్యాయి. ఆమె స్టూలు మీదనించి చూస్తూనే ఉంది. ఈసారి ఏమీ చెప్పలేదు, చెప్పడానికి తెలిస్తే కదా.

మంట తగ్గించి మూత పెట్టాక తూకం పొయ్యి దగ్గరనించి కదల్లేదు. మూత కింద నూనె సన్నగా చిటపటలాడుతోంది. ఒకటి రెండుసార్లు ఏదో అనబోయాడు. తప్పు నాదే అనడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మూత తీసి ముక్కలు తిప్పి మళ్ళీ మూత పెట్టాడు. కొసల దగ్గర మాంసం పైకి జరిగింది. తెల్లటి ఎముక బయటపడింది. పుల్ల గుచ్చితే రసం తేటగా వచ్చింది. ఆమెతో చెప్పడానికి మొహం చెల్లక, "తేటగా వచ్చింది" అని తనలోనే అనుకున్నాడు.

అమ్మాయి మెట్ల మీదే వాసన పట్టి, లోపలికి రాగానే ముందు వంటింట్లోకే వచ్చింది. చేతిలో ఖాళీ బట్టల సంచి మడిచి ఉంది. తండ్రి చొక్కా, గోడ మీద నూనె, కాలిన వేళ్ళు అన్నీ చూసింది.

"నిజంగానే వండావే" అంది.

ముగ్గురూ కింద కూర్చున్నారు. తూకం వడ్డించాడు. తల్లి ఎడమ చేత్తో లెగ్ పీసు ఎత్తి కొరికింది. మాంసం ఎముకనించి జారి వచ్చింది. నమిలింది. మింగింది. మళ్ళీ కొరికింది. తూకం తన పళ్ళెం ముట్టుకోకుండా ఆమె నోరే చూస్తున్నాడు. ఆమె ఆ ముక్కని ఎముక తెల్లబడేదాకా తింది. కట్టు పడ్డాక అంత తినడం చూడలేదు ఆయన. రెండోది తనే వంగి తీసుకుంది.

"బాగుందా?" అన్నాడు ఉండబట్టలేక.

"చాలా బాగుంది" అందామె. కళ్ళలో నీళ్ళు నిలిచాయి. తూకం అది మిరియాల ఘాటు అనుకున్నాడు. "ఇంత బాగుంటుందా ఇది?"

ఆ మాట ఆయన్ని అడిగింది కాదు. కూతురి వైపు తిరిగింది. అమ్మాయి మామూలుగా, తెలిసిన ముక్క తింటున్నట్టు కొస పట్టుకుని తిప్పుకుంటూ తింటోంది.

"నీకు ముందే తెలుసా?"

అమ్మాయి ముక్క పళ్ళెంలో పెట్టింది. "ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెడతారమ్మా. చేరిన కొత్తలోనే తిన్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేసేదానివి?"

ఆమె ఆలోచించింది. "ఏమీ చేసేదాన్ని కాదు" అంది.

అమ్మాయి పళ్ళెం తీసి లేచింది. ఓడిపోయినా ఆ గొంతులో కోపం లేదు. "సరే నాన్నా, ఒప్పుకుంటున్నా. నాకంటే బాగా వండావు. అమ్మా, నువ్వు కడుపునిండా తిన్నావు. మాట మాటే. ఇక్కడే ఉంటానంటే ఉండు, నేను వారం వారం వచ్చి చూసిపోతా."

తూకం ఊపిరి తీసుకున్నాడు. వారం రోజులుగా లోపల బిగబట్టుకున్నది కాస్త వదులైంది. మూకుట్లో ఇంకో ముక్క ఉందని, రేపటికి ఉంచుతానని, రేపు ఇంకా బాగా చేస్తానని ఏదేదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, కూతురితో అంది.

"ఆ సంచి ఇలా తే."

"అమ్మా?"

"ఈయనకి గుడ్డు కూడా సరిగ్గా ఉడకబెట్టుకోవడం రాదు, నేను పోతే ఏం తింటాడు అనే ఈ వారమంతా ఎటూ తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఆ బెంగ లేదు. నాకంటే బాగా వండుకుంటాడు." అదే నెమ్మది గొంతు. దెప్పుతున్నట్టు కూడా లేదు, ఒక పని అయిపోయిందని చెబుతున్నట్టు ఉంది. "పద, వెళ్దాం."

తూకం లేచి నిలబడ్డాడు. చేతులకి ఇంకా నూనె ఉంది. ఇవాళ ఈ వంట చెడిపోయి ఉంటే, పచ్చి మాంసం పళ్ళెంలో పడి ఉంటే, ఈ మనిషి తన మీద జాలిపడి ఉండిపోయేదని ఆయనకి తెలిసింది. ఆ సంగతి చెప్పి ప్రయోజనం లేదని కూడా తెలిసింది.

బట్టలు ఎక్కువ లేవు, సర్దడం త్వరగానే అయింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, తూకం అడగగలిగింది ఒక్కటే అడిగాడు.

"చెయ్యి బాగయ్యాక వస్తావుగా?"

"బాగైతే ముందు పిల్లకి వండిపెట్టాలి" అందామె. "ఎలా వండాలో ఇవాళ చూశాను కదా."

అమ్మాయి తల్లి కుడి చెయ్యి గోడకి తగలకుండా అడ్డం ఉండి, మెల్లగా మెట్లు దింపింది. తూకం తలుపు పట్టుకుని, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి, పొయ్యి ఆపానో లేదో చూసుకున్నాడు.